చిట్టా లేని ఆవర్జా

మన పూర్వుల వ్యాపారగృహములలో రెండు పుస్తకము లుండెడివి. ఏనాటి ఇచ్చిపుచ్చుకొనుటలను ఆనాడే, జరిగినవి జరిగిన వరుసలో వ్రాసికొనునది చిట్టా. ఆ చిట్టానుండి ఒక్కొక్క మనిషి పేర, ఒక్కొక్క సరకు పేర పద్దులను విడదీసి ఎక్కించునది ఆవర్జా. ఎవరు మనకెంత బాకీయో, ఏ సరకు నష్టము తెచ్చినదో ఆవర్జా చెప్పును. కాని చిట్టా లేకయే ఆవర్జా వ్రాయబూనిన గుమాస్తాను ఏ షావుకారును ఒక్కపూటయైనను కొలువున ఉంచుకొనియుండడు. అణాపైసల లెక్కయందు ఇంతటి జాగరూకత చూపినవారి సంతతివారమే, కడుపు విషయము వచ్చునప్పటికి చిట్టా మాట తలపెట్టక తిన్నగా ఆవర్జా వ్రాసివేయుచున్నాము: వంకాయ పడదు, పప్పు గ్యాసు చేయును, గోంగూర వేడి, దుంపలు వాతము, పెరుగు కఫము. ఏనాడు తింటిరి, ఎంత తింటిరి, దానితోపాటు ఇంకేమి తింటిరి, తిన్న ఎన్ని గంటలకు బాధ కలిగెను అని అడిగినచో సమాధానము లేదు. తీర్పు మాత్రము స్థిరముగా నున్నది.

పథ్యము మన సంస్కృతిలో గౌరవముగల మాట. దానిని తేలిక చేయుట నా అభిమతము కాదు. నా ఆక్షేపణమెల్ల సాక్ష్యము లేక విధింపబడిన పథ్యమును గూర్చి. మా బంధువర్గములో ఒక వృద్ధురాలు కడుపుబ్బరమునకు వెరచి మొదట కందిపప్పు మానెను. పిమ్మట ఎవరో చెప్పగా పాలు, పెరుగు మానెను. మరికొన్నాళ్ళకు సెల్‌ఫోనులో ఎవరో ఉపన్యసింపగా గోధుమ, టమాటా, వంకాయ, చివరకు పండ్లు సైతము విడిచెను. పదియేండ్లు గడచునప్పటికి ఆమె కంచములో చారన్నమును ఒక నిమ్మకాయ బద్దయు మిగిలినవి. ఉబ్బరము మాత్రము పోలేదు. నీరసమునకు వైద్యునికి చూపగా రక్తహీనత బయటపడెను. ఆమె విడిచిన పదార్థములలో నిజముగా అపరాధము చేసినవి ఎన్నో, నిరపరాధులు ఎన్నో నేటికిని ఎవరికిని తెలియదు; ఏలయన ఒక్కొక్కదానిని విడిచిన దినమును గాని, విడిచిన పిమ్మట కలిగిన మార్పును గాని ఎవరును కాగితముమీద పెట్టలేదు.

నా సంగతియు కొంత చెప్పవలెను. ఇరువదియేండ్లు నేను వంకాయను దోషిగా ఎంచితిని. ఉదయము లేచునప్పటికే కడుపు బిగిసియుండుట, ప్రేగులలో గడగడలు, పనికి బయలుదేరులోపల రెండు మూడు మారులు పెరటివైపు పోవలసివచ్చుట నాకు అలవాటైపోయెను. మా అమ్మమ్మనాటినుండి మా ఇంట వంకాయకు చెడ్డపేరుండుటచే నేనును దానినే నమ్మితిని. తుదకు ఒక పెద్ద వైద్యులు నా మాట ఓపికతో విని, పరీక్షలు చేయించి, భయపడదగినది ఏమియు లేదని నిశ్చయించుకొనిన పిమ్మట, మందు వ్రాయుటకు మారుగా, “మూడు వారాలు ఏదీ మానకండి. తిన్నదల్లా రాయండి” అనిరి. ఏమియు మానవలదనుట నాకు మొదట వింతగా తోచెను. కాని వ్రాయుచునే నాలుగు వస్తువులను ఒక్కమారు మానినచో మేలు చేసినది ఏది మానుటయో తెలియదు గదా.

మూడు వారముల పుస్తకమును ముందు పెట్టుకొని చూడగా వంకాయ తిన్న దినములు ఏడు. వాని మరునాడు కడుపు చెడినది రెండుమారులు మాత్రమే. వంకాయ ఊసే లేని దినముల తరువాత చెడినవి అంతకంటె ఎక్కువ. కాని చెడిన ప్రతి ఉదయమునకు వెనుకటి రాత్రి పద్దులో ఒక మాట తప్పక కనబడెను: పడుకొనబోవు ముందు పెద్ద గ్లాసెడు పాలు. దానిని నేనెన్నడును ఆహారముగా లెక్కింపలేదు. నిద్రకు మంచిదని త్రాగెడివాడను. పెరుగు, మజ్జిగ తీసికొనుటచే ఏ బాధయు కలిగినట్లు లేదు. పది దినములు పాలు మానితిని, కడుపు నెమ్మదించెను; మరల మూడు రాత్రులు త్రాగితిని, బాధ తిరిగి వచ్చెను. అటుపిమ్మట ఊపిరిలోని హైడ్రోజన్ వాయువును కొలుచు పరీక్ష చేయగా పాలచక్కెర నాకు సరిగా అరగదని తేలెను.

దీనిలో వింత యేమియు లేదు. పాలచక్కెరను విడగొట్టు లాక్టేజ్ అను ఎంజైము బాల్యము గడచిన పిమ్మట లోకములో పెక్కుమందికి క్షీణించును. ఆ క్షీణత ఉత్తరభారతమునకంటె దక్షిణభారతమున అధికము. విడివడని చక్కెర చిన్నప్రేగును దాటి పెద్దప్రేగును చేరి, నీటిని తనవైపు లాగికొని, అచ్చటి సూక్ష్మజీవులచే పులిసి వాయువగును. పెరుగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంతభాగమును తోడుకొనునప్పుడే తినివేసి, మిగిలినది అరుగుటకును తోడ్పడును గనుక అది పలువురకు పడును. 250 మిల్లీలీటర్ల పాలలో సుమారు 12 గ్రాముల పాలచక్కెర ఉండును. లాక్టేజ్ కొరవడినవారిలోను చాలమంది అంతమాత్రమును, అందును భోజనముతో కలిపి తీసికొనినచో, సహింపగలరు. రాత్రిపూట నేను త్రాగు గ్లాసు దానికి ఇంచుమించు రెట్టింపు, అదియు ఒంటిగా. ప్రొద్దుటి కాఫీలోని కాసిన్ని పాలు నన్నెన్నడును బాధింపకుండుటకు కారణమిదియే. నేను పాలను మానవలసిన పని లేదు. కొలత మార్చుకొనుటయే చాలును. పుస్తకములో గ్లాసు పరిమాణము వ్రాసియుండనిచో ఈ భేదము నాకెన్నటికిని తెలిసియుండెడిది కాదు.

మన జ్ఞాపకము చేయు మొదటి అన్యాయము కాలమును గూర్చినది. కడుపు నొచ్చినప్పుడు ఆఖరున తిన్నదానిని పట్టుకొనుట మనకు సహజము. ఐతే అన్నము కడుపున పడగనే పెద్దప్రేగు కదలుట శరీరధర్మము. ప్రేగులు సున్నితమైనవారికి ఆ కదలిక ఉద్ధృతమగును. ఇడ్లీ తిన్న పది నిమిషములకు లేచిపోవలసివచ్చినవాడు ఇడ్లీని నిందించును. కాని అప్పుడు వెలువడునది ఆ ఇడ్లీ కాదు, నిన్నటి, మొన్నటి భోజనము. ఘనాహారము కడుపును విడుచుటకు రెండు మొదలు నాలుగు గంటలు, చిన్నప్రేగును దాటుటకు ఇంచుమించు మరి అన్ని గంటలు, పెద్దప్రేగులో ఒకటి రెండు దినములు పట్టుట సామాన్యము. ఛాతీలో మంట, పులిత్రేన్పులు భోజనమైన గంటలోపలనే కలుగవచ్చును. పప్పుధాన్యములు పులియుటచే కలుగు ఉబ్బరము ఆరు గంటలకో, మరునాటికో తెలియును. కావున బాధ కలిగిన గడియనుండి వెనుకకు ఒక దినమంతయు చదివికొనవలెను. అంత వెనుకకు పోవు జ్ఞాపకము మనలో ఎవరికి కలదు? నిన్న మధ్యాహ్నము తిన్న కూరయేదని అడిగినచో ఇంటిలో నలుగురు నాలుగు విధముల చెప్పుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన చిన్న పరిశోధనశాలనుండి పెరిగి 1958లో మన నగరమునకు తరలివచ్చినది, ఇంటింటి ఆహారపు సర్వేలు చేయించునప్పుడు గడచిన 24 గంటల తిండిని మాత్రమే, అదియు కొలత గిన్నెలను ఎదుట పెట్టి అడిగించు పద్ధతిని అనుసరించుచు వచ్చినది. పోయిన నెల యేమి తింటివని మనలను మనము ప్రశ్నించుకొని, వచ్చిన సమాధానముపై పథ్యమును కట్టుట ఎంత సాహసమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఈ తర్కము మనకు పరదేశమునుండి దిగుమతియైనది కాదు. ఆయుర్వేదము రోగమును తెలిసికొనుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అను ఐదు సాధనములను చెప్పినది. వీనిలో ఉపశయమనగా ఏ ఔషధము, ఏ ఆహారము, ఏ విహారము రోగికి సుఖము నిచ్చునో చూచి, దానిచే గూఢమైయున్న వ్యాధిని ఊహించుట. బాధ హెచ్చినచో అది అనుపశయము. మరల చరకసంహిత విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారమును ఎనిమిది వైపులనుండి విచారింపవలెనని విధించినది: పదార్థముయొక్క ప్రకృతి, వండుట మొదలగు సంస్కారమైన కరణము, ఇతర పదార్థములతోడి సంయోగము, పరిమాణమైన రాశి, దేశము, కాలము, భుజించు నియమములు, భుజించువాడు. ఈ ఎనిమిదింటిని నిలువుగడులుగా గీసికొన్నచో అది చక్కని ఆహారపు చిట్టా యగును. వంకాయ వాతమనుచు మనము నిలుపుకొన్నది ఈ ఎనిమిదింటిలో మొదటిది మాత్రమే. ఎంత, ఎప్పుడు, దేనితో, ఎవరు అను తక్కిన ప్రశ్నలను పారవైచి, శాస్త్రము పేర ఒక ముక్కను పట్టుకొని వ్రేలాడుచున్నాము. ఇది శాస్త్రమునకును, వంకాయకును కూడ అపచారమే.

తప్పు ఆవర్జా పండితులకును తప్పలేదనుటకు సీలియాక్ వ్యాధి చరిత్రము గొప్ప దృష్టాంతము. గోధుమ, బార్లీ, రై ధాన్యములలోని గ్లూటెన్ అను మాంసకృత్తు పడనివారికి చిన్నప్రేగు లోపలిపొర చెడిపోవు వ్యాధి అది. పిల్లలకు వచ్చినచో విరేచనములచే శుష్కించి పోయెడివారు. 1924లో న్యూయార్కులోని సిడ్నీ హాస్ అను శిశువైద్యుడు అట్టి పిల్లలకు రొట్టె మొదలగునవి మాన్పించి అరటిపండ్లు పెట్టగా వారు తేరుకొనిరి. కీర్తి యంతయు అరటిపండునకు దక్కెను. మేలు చేసినది పెట్టినది కాదు, మాన్పించినది అని ఎవరికిని స్ఫురింపలేదు. బాగుపడిన పిల్లలకు మరల రొట్టె పెట్టుట, వ్యాధి తిరుగబెట్టుట జరుగుచునేయుండెను. హాలెండులో విలెమ్ డికె అను శిశువైద్యునకు రోగుల తల్లిదండ్రుల మాటలవలన గోధుమమీద అనుమానము ముందే పుట్టినది. 1944-45 శీతకాలమున జర్మనుల దిగ్బంధముచే పశ్చిమ హాలెండులో రొట్టె కరవై జనులు ట్యూలిప్ దుంపలు వండుకొని తిన్న ఘోరమైన ఆకలి దినములలో, ఊరంతయు కృశించుచుండగా ఆయన చూచు సీలియాక్ పిల్లల కడుపులు కుదుటపడినవి. యుద్ధము ముగిసి రొట్టె తిరిగి రాగా వారి వ్యాధియు తిరిగి వచ్చినది. ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఏ పిల్లవానికి ఏ దినములలో ఏ ధాన్యము పెట్టిరి, ఆ దినములలో వాని బరువెట్లు మారినది అను లెక్కలను ఓర్పుతో సమకూర్చి, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథమున గోధుమ దోషమును స్థాపించెను. ఒక తల్లి గమనించిన సంగతికిని విశ్వవిద్యాలయము అంగీకరించిన సత్యమునకును నడుమ ఉన్నది వ్రాసిపెట్టిన లెక్కయే.

వ్రాయు తీరును గూర్చి రెండు మాటలు. తిన్నవెంటనే వ్రాయవలెను; రాత్రి పడుకొనబోవునప్పుడు అంతయు ఒక్కమారు వ్రాయుదమనుకొన్నవాడు సాయంత్రము మిత్రుడు పెట్టిన మిరపకాయబజ్జీని తప్పక మరచును. పరిమాణమునకు తూనికరాళ్ళు అక్కరలేదు. గరిటెలు, చెంచాలు, గ్లాసులు చాలును, ఎప్పుడును ఆ గ్లాసే ఆ గరిటెయే ఐనచో. వంటకము పేరు వ్రాసి ఊరకుండరాదు. సాంబారు అను మూడక్షరముల వెనుక కందిపప్పు, ఉల్లిపాయలు, మునగకాడ, చింతపండు, ఇంగువ, పొడిలోని మరి అయిదారు దినుసులు దాగియున్నవి. బజారున దొరకు ఇంగువపొడిలో పలుమారు గోధుమపిండి కలిసియుండునని సీలియాక్ రోగులు తెలిసికొనవలసియున్నది. మందులకు ఒక గడి ఉండవలెను: మధుమేహమునకు మన ఊరూర వాడుచున్న మెట్‌ఫార్మిన్ కొందరికి విరేచనములు చేయును, ఇనుము మాత్రలు మలబద్ధము చేయును, మోకాళ్ళనొప్పికి మ్రింగు మాత్రలు కడుపును ఒరయును, వీని నేరములు చిరకాలముగా కూరలమీద పడుచున్నవి. స్త్రీలు నెలసరి దినములను గుర్తించుట మరువరాదు, ఆ దినములలో ప్రేగుల నడక మారుట సహజము. నిద్రయు, మనఃస్థితియు వ్రాయవలెను. అమెరికా సైనికవైద్యుడు విలియం బోమాంట్, 1822లో తుపాకి దెబ్బచే కడుపునకు రంధ్రము పడి మానక మిగిలిన ఒక యువకుని కడుపులోనికి ఏండ్లతరబడి చూచి, ఏ పదార్థము ఎన్ని గంటలకు అరిగెనో వ్రాసి, 1833లో ప్రకటించిన గ్రంథములో, కోపము వచ్చినప్పుడు జీర్ణక్రియ చెడుటను సైతము నమోదు చేసెను. పరీక్షల దినములలో మాత్రమే కడుపు చెడు విద్యార్థికి దోషి హాస్టలు పప్పు కాకపోవచ్చును.

మలవిసర్జనమును గూర్చి వ్రాయుటకు మనవారు మిక్కిలి సిగ్గుపడుదురు. వైద్యుని ఎదుట సైతము “అదేనండీ, మామూలే” యని దాటవేయుదురు. ఈ సిగ్గును విడువక తప్పదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు 1997లో ప్రకటించిన పట్టికలో మలముయొక్క రూపమును, గట్టి ఉండలు మొదలుకొని నీళ్ళవరకు, ఏడు తరగతులుగా విభజించిరి. ఒక్క అంకె వేసినచో చాలును, వైద్యునకు అర్థమగును, ఇంటిలో ఇంకెవరు చూచినను నష్టము లేదు.

మూడు వారములు వ్రాసిన పిమ్మట అనుమానము ఒకదానిమీద నిలిచినచో దానిని కొన్నాళ్ళు మాని, పిదప మరల తిని చూడవలెను. మరల తినుట ముఖ్యము. మానగా మేలైనదనుట సగము సాక్ష్యమే. ఋతువు మారినందుననో, బెంగ తీరినందుననో ఆ మేలు కలిగియుండవచ్చును. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయపు పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్‌లు 2005లో పేరు పెట్టిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి, ప్రేగులలో సులభముగా పులియు చక్కెరలను తగ్గించునది, ఐబీఎస్ అను ప్రేగుల అస్వస్థత గల పలువురకు ఉపకరించుచున్నది. ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, గోధుమ, పాలు, మామిడిపండు దాని పట్టికలో నున్నవి. అవన్నియు మానిన తెలుగు కంచములో ఏమి మిగులునో పాఠకులే ఊహింపగలరు. ఐతే ఆ పద్ధతిని నిర్మించినవారే, మానుట రెండు మొదలు ఆరు వారములకు మించరాదనియు, పిదప ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకొని ఎవరికి ఏది ఎంత పడునో తేల్చుకొనవలెననియు చెప్పుచున్నారు. మనవారు మొదటి భాగమును మాత్రము విని, రెండవది వినకయే జీవితాంతము నిలిచిపోవుచున్నారు. ఉల్లి తగ్గింపవలసివచ్చినవారికి ఇంగువ తాలింపు ఉండనేయున్నది. పప్పులను రాత్రి నానవైచి ఆ నీరు పారబోసి వండినచో పులియు చక్కెరలు కొంత తగ్గును. పూర్తిగా బహిష్కరించుటకు పూర్వము ఇట్టివెన్ని చేసి చూచితిమి?

కొన్నింటికి చిట్టా పనికిరాదని గట్టిగా చెప్పవలసియున్నది. మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, జ్వరము, రక్తహీనత, నిద్రనుండి లేపు నొప్పి లేక విరేచనములు, మ్రింగుడు పడకుండుట, నడివయసు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన మార్పు, ఇంటిలో ప్రేగుల క్యాన్సరు చరిత్ర, వీనిలో ఏది యున్నను మొదట వైద్యునియొద్దకే పోవలెను. రొయ్యలు, వేరుసెనగ వంటివి తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము కలిగినచో అది ఎలర్జీ. అందులకు ఆసుపత్రి వలయును. సీలియాక్ అనుమానమున్నవారు రక్తపరీక్షకు ముందు గోధుమ మానరాదు, మానినచో పరీక్ష తప్పు చెప్పును. కడుపులో పుండ్లకు కారము, బెంగ మొదలగునవే కారణమని లోకమంతయు నమ్మిన కాలమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని చూపి, 2005లో నోబెల్ బహుమతి పొందిరి. ఎంత చక్కని చిట్టా వ్రాసినను ఆ జీవి అందులో కనబడదు. పిల్లలకును, తిండిని గూర్చి ముందే మితిమీరిన భయమున్నవారికిని పెద్దల, వైద్యుల పర్యవేక్షణ లేనిదే ఈ పని తగదు. ఇక రక్తపుచుక్క తీసి వందలకొలది ఆహారములకు ఐజీజీ అను ప్రతిరక్షకముల పరీక్ష చేసి, ఇవి మీకు పడవని పొడుగాటి జాబితా నిచ్చు వ్యాపారమును ఎలర్జీ వైద్యసంఘములు నిరాకరించినవి. అందు కనబడునది మనము ఆ పదార్థమును తిన్నామనుటకు గుర్తు మాత్రమే. ఒక నోటుపుస్తకముతో తేలవలసిన విషయమునకు వేల రూపాయలు పోసి, పడిన కూరలను కూడ విడుచుట విచారకరము.

వైద్యులకొక విన్నపము. కడుపునొప్పియని వచ్చిన రోగికి మాత్రలు వ్రాసి పంపుటకు పట్టు సమయముకంటె, వ్రాసికొని రమ్మని చెప్పుటకు పట్టు సమయము ఎక్కువ కాదు. అతడు వ్రాసి తెచ్చిన కాగితములను చూడకయే ప్రక్కకు నెట్టుట నేను కన్నులార చూచితిని. ఆ రోగి మరెన్నడును వ్రాయడు. సర్కారు ఆసుపత్రుల ఓపీ చీటీతోపాటు తెలుగులో అచ్చు వేసిన ఒక ఆహారపు చిట్టా కాగితము నిచ్చుట పెద్ద ఖర్చు కాదు. గరిటెలతో, గ్లాసులతో మన తిండిని కొలుచుటలో ఆరితేరిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోనే యున్నది, ఆ కాగితమును రూపొందించి ఇవ్వవలసినదిగా దానిని కోరుట ప్రభుత్వములకు కష్టము కాదు. చదువురానివారికి ఇంటిలో బడికి పోవు పిల్ల వ్రాసిపెట్టును.

పాఠకులారా, మీ ఇంట ఏండ్లతరబడి చారన్నముతో కాలము గడుపుచున్న తల్లియో, అత్తయో, తాతయో ఉన్నచో, పైన చెప్పిన అపాయచిహ్నములు లేవని వైద్యునిచే తెలిసికొని, ఈ రాత్రి భోజనము మొదలుకొని వారి ప్రక్కన కూర్చుండి వ్రాయుడు. మూడు వారములు నిండిన పిమ్మట ఆ పుస్తకమును తీసికొనిపోయి వైద్యుని బల్లమీద ఉంచి, చదువుమని అడుగుడు.